నిజాం పేరు మోసిన బాంబర్

మంత్రాలయం స్నానఘట్టం మీద నిలబడితే తుంగభద్ర అవతలి గట్టు కనిపిస్తుంది. ఇప్పుడది రాయచూరు జిల్లా, ఒకప్పుడు నిజాం రాజ్యం. ఆ రాజ్యం పేరు మోసిన పాత బాంబర్ ఒకటి లండన్‌లో, హెండన్‌లోని బ్రిటిష్ వైమానిక దళ మ్యూజియంలో ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం బ్రిటిష్ వారికి ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా డీహెచ్9ఎ బాంబర్లు కొనిచ్చాడు. 110వ స్క్వాడ్రన్‌కు ‘హైదరాబాద్’ పేరు అలా వచ్చింది. విమానాల మీద దాత పేరు రాశారు. కానీ ఖజానా అంటే రైతు కట్టిన శిస్తే కదా! ఆ పేరు పక్కన రైతుల ఊసు కూడా ఒక వాక్యంలో ఉండాలని నా కోరిక.

వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కి బెర్లిన్ మ్యూజియానికి చేరింది. రెండో యుద్ధంలో తూర్పుకు తరలిపోయి పోలండ్‌లోని క్రాకోలో తేలింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి దీన్ని తెచ్చుకుంది.

వచ్చింది మొండెమే. రెక్కలు కొత్తగా చేయాల్సి వచ్చింది. ఆ కాలపు రెక్క అంటే సన్నటి చెక్క చట్రం. దాని మీద నారబట్ట పరిచి, ప్రతి పట్టీకీ దారంతో కుట్టి, డోప్ అనే పూత పూస్తారు. పూత ఆరేకొద్దీ బట్ట బిగుస్తుంది. మరీ బిగిస్తే లోపలి చెక్కే వంకర పోతుంది. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. మంత్రాలయం మఠం రథానికి ఇరుసు పుచ్చితే వడ్రంగి కొత్తది వేస్తాడు. జనం లాగాలి కాబట్టి తప్పదు. ఎగరనక్కర్లేని విమానంలో మాత్రం పాత చెక్కను నిలిచినంత కాలం నిలపాలి, కొత్తదేదో తెలిసేలా ఉంచాలి.

ఎగరాల్సిన వాటి సంగతి వేరు. రెండో యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాళ్లు లిబరేటర్ బాంబర్లను మళ్లీ పనికిరాకుండా చెడగొట్టి కాన్పూరులో వదిలేశారు. ఇంజన్లలో ఇసుక కూడా పోశారంటారు. 1948లో బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మనుషులు వెళ్లి, గాల్లోకి లేచేంత మటుకు అక్కడే బాగుచేశారు. టెస్ట్ పైలట్ జమ్‌షెడ్ మున్షీ వాటిని బెంగళూరుకు నడిపాడు. అక్కడ పూర్తిగా విప్పి, కడిగి, బిగించారు. నాకు ఇదే పెద్ద పనితనం అనిపిస్తుంది. ఆ ఏడాదే అవి మన వాయుసేనలో చేరి 1968 దాకా ఎగిరాయి. ఒకదాన్ని 1974లో హెండన్ మ్యూజియానికే ఇచ్చాం. ఢిల్లీ పాలం మ్యూజియంలో ఇంకొకటి ఉంది, మనవాళ్లు వెళ్లి చూడొచ్చు.