మి పియాచె: నాకు నచ్చింది

ఇంగ్లీషు పుస్తకాలతో ఇటాలియన్ నేర్చుకునే తెలుగువాళ్లు 'పియాచేరే' అనే క్రియ దగ్గర తడబడడం చూస్తే నాకు బాధేస్తుంది. ఇది తలకిందులుగా నడుస్తుంది, జాగ్రత్త అని ఆ పుస్తకాలు భయపెడతాయి. ఇంగ్లీషులో ఇష్టపడే మనిషి కర్త. ఇటాలియన్‌లో నచ్చిన వస్తువు కర్త. మనం పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్నది అలాగే కదా!

'మి పియాచె ఇల్ లీబ్రో' అంటే నాకు పుస్తకం నచ్చింది. 'మి' అంటే నాకు. పుస్తకాలు ఒకటికి మించితే మనకు 'నచ్చాయి', వాళ్లకు 'పియాచ్చొనో'. ఎదుటి మనిషితోనే చెప్పాలంటే మనం 'నచ్చావు' అంటాం, వాళ్లు 'పియాచి' అంటారు. నచ్చినదాన్ని బట్టి క్రియ మారడం రెండు భాషల్లోనూ ఒకటే.

దీని మూలం లాటిన్ 'ప్లకేరే'. లాటిన్ మాటల మొదట్లోని 'ప్ల' ఇటాలియన్‌లో 'పియ'గా మారింది. నిండిన అనే అర్థమున్న 'ప్లేనుస్' అలాగే 'పియేనో' అయింది. ఇక ఎ, ఇ అచ్చుల ముందు 'క' కాస్తా 'చ' అయింది. మన భాషలోనూ జరిగిన మార్పే ఇది: కన్నడిగుల 'కివి' మనకు 'చెవి'. ఎక్కడి రోమ్, ఎక్కడి తెలుగునేల! నాలుక మాత్రం ఒకే దారి పట్టింది. మందుల పరీక్షల్లో వినే 'ప్లాసిబో' కూడా ప్లకేరే రూపమే. దాని అర్థం 'నేను నచ్చుతాను'.

అయితే ఒకచోట తెలుగు మనల్ని పక్కదారి పట్టిస్తుంది. ఇప్పుడు నచ్చుతున్నదాన్ని కూడా మనం 'నచ్చింది' అని భూతకాలంలోనే చెబుతాం. ఇటాలియన్లు అలా కలపరు. పాస్తా తింటూ ఉంటే 'మి పియాచె', తినేశాక 'మి ఎ పియాచూత'. ఆ 'ఎ' ఉండుట అనే అర్థమున్న 'ఎస్సెరే' క్రియది. పాస్తా వాళ్లకు స్త్రీలింగం కాబట్టి 'పియాచూత' అయింది. సినిమాను 'ఫిల్మ్' అంటారు, అది పుంలింగం కనుక 'పియాచూతో' అనాలి. సాధన చేయాల్సింది ఇక్కడే. వాక్యం కట్టడం మనకు ముందే వచ్చు.

ఇటాలియన్ మొదలుపెట్టినవాళ్లకు నా విన్నపం: నోట్సులో ఈ క్రియ పక్కన ఇంగ్లీషు అర్థం రాయకండి, 'నచ్చు' అని తెలుగులో రాసుకోండి.