గట్టిమేళం అనగానే

పుత్తూరు నుంచి తిరుపతి పోయే దారిలో, వడమాలపేట దగ్గర, ముహూర్తాల రోజుల్లో ఏ కల్యాణమండపంలో అడుగుపెట్టినా ఈ తంతు కనబడుతుంది. నాదస్వర విద్వాంసుడు కల్యాణి ఎత్తుకుని అప్పుడప్పుడే తారషడ్జం అందుకుంటుంటాడు. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటాడు. రాగం ఎక్కడిదక్కడ తెగిపోతుంది, డోలు ఉరుముతుంది. తాళి కట్టే వేళ తుమ్మో, కానిమాటో ఎవరి చెవినా పడకూడదు కాబట్టి ఆ మోత. విద్వాంసుడి కల్యాణి సంగతి ఎవరికీ పట్టదు. శాస్త్రీయ సంగీతంలో ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోవడానికి పుస్తకాలు తిరగెయ్యనక్కర్లేదు, ఒక పెళ్లికి వెళ్తే చాలు.

నాదస్వరం పలికించడం ఎంత కష్టమో మాత్రం పెళ్లిలో తెలియదు. గొట్టం సుమారు రెండున్నర అడుగుల పొడవు. వేళ్లకు ఏడు రంధ్రాలు, అడుగున శ్రుతి సర్దుకోవడానికి మరికొన్ని. అవసరాన్ని బట్టి వాటిని మైనంతో మూస్తారు. స్వరస్థానాలన్నీ రంధ్రాల్లో ఉండవు. ఒకే రంధ్రం మీద ఊపిరి బిగించి ఒక స్వరం, సడలించి ఇంకో స్వరం తీయాలి. గమకం పెదవుల్లో, నాలుకలో, పొట్టలో ఉంటుంది. నోట పెట్టుకునే సీవాళి గడ్డిజాతి కాడతో చేస్తారు. తడి తగ్గితే కీచుమంటుంది, ఎక్కువైతే మూగబోతుంది. అందుకే వాద్యానికి దారంతో రెండు మూడు సీవాళులు వేలాడుతూ ఉంటాయి. డోలు విద్వాంసుడు ఒక చేతి వేళ్లకు గట్టి తొడుగులు వేసుకుంటాడు, రెండో చేత కర్ర పడతాడు. పక్కన నిలబడి విన్నవాళ్లకు ఆ దెబ్బ ఛాతీలో తెలుస్తుంది.

వడమాలపేట మండలంలోనే అప్పలాయగుంటలో ప్రసన్న వేంకటేశ్వరుడి గుడి ఉంది. నారాయణవనంలో పద్మావతిని పెళ్లాడి తిరిగి వస్తూ స్వామి ఇక్కడ ఆగి సిద్ధేశ్వరుడికి అభయమిచ్చాడని స్థలపురాణం. ఇలాంటి గుళ్ల ఊరేగింపుల్లోనే నాదస్వరం ఎదిగింది. స్వామి బయలుదేరేటప్పుడు గంభీరనాట రాగంలో మల్లారి అనే వాద్యరచన వాయించడం సంప్రదాయం. వాహనం కదిలితే కదలాలి, మలుపులో ఆగితే ఆగాలి. ఆగిన చోట రాగాన్ని గంటల తరబడి విస్తరించే వీలుండేది. టికెట్టు, గడియారం లేని ఆ వీధుల్లోనే సుదీర్ఘ రాగాలాపన బలపడిందని నా నమ్మకం. నాదస్వర విద్వాంసుడు టి.ఎన్.రాజరత్నం పిళ్లై తోడి రాగం విని జి.ఎన్.బాలసుబ్రహ్మణ్యం లాంటి గాయకులు తమ ఆలాపన దిద్దుకున్నారు. వీధిలో పుట్టింది సభలోకి వెళ్లింది. వాయించినవాళ్లు వెళ్లడానికే చాలా ఏళ్లు పట్టింది.

కారణం కులం. తమిళనాట ఈ వాద్యం ఇసై వేళాళర్లది, మన వైపు ఎక్కువగా నాయీబ్రాహ్మణులది. జమీందారు ఎదుట ఉత్తరీయం నడుముకు చుట్టుకుని, నిలబడే వాయించాల్సి వచ్చేది. రాజరత్నం పిళ్లై ఈ పద్ధతికి ఎదురుతిరిగారు. వేదికెక్కి కూర్చుని వాయిస్తానన్నారు, షేర్వానీ తొడిగారు. పొడవైన బారి నాదస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చిందీ ఆయనే. 1947 ఆగస్టు 14 రాత్రి ఢిల్లీలో స్వాతంత్ర్యానికి మంగళధ్వని ఆయనదే. అంతటి మనిషి, మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి అందుకోకుండానే 1956లో కన్నుమూశారు.

భాషా రాజకీయం ఇంకో కథ. తమిళ పాటల కోసం ఉద్యమించినవాళ్లు 1941లో చిదంబరంలో, 1943 నుంచి మద్రాసు తమిళ ఇసై సంఘంలో, కచేరీల్లో తెలుగు కీర్తనల పెత్తనం ఏమిటని గట్టిగానే అడిగారు. అడగదగిన ప్రశ్నే, మనవాళ్లు అనవసరంగా ఉలిక్కిపడ్డారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది, పుత్తూరు, వడమాలపేట ఇటు మిగిలాయి. గీత గీశారు గానీ మేళాన్ని పంచలేకపోయారు. మల్లారికి సాహిత్యమే లేదు, ఆలాపనకు అసలే లేదు. ఏ భాషని పంచుతారు?

మతం మాటా అంతే. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా తంజావూరు బాణీ నేర్చుకుని శ్రీరంగంలో స్థిరపడ్డారు, రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1998లో ఆయనకు సంగీత కళానిధి వచ్చింది. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ. మగవాళ్లదే అనుకున్న వాద్యాన్ని కాలీషాబీ భర్త పక్కన సరిసమానంగా కూర్చుని వాయిస్తారు. సనాతనం గురించి గొంతు చించుకునేవాళ్లు ఒకసారి ఆ జంట కచేరీ వినాలి.

ఇప్పుడు తిరుపతిలో దేవస్థానం నాదస్వరం, డోలు నేర్పుతోంది. గుళ్లలో కొలువులున్నాయి. నాయీబ్రాహ్మణులను కులం పేరుతో కించపరిచే మాటలు వాడకూడదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇచ్చింది. మేలే. పెళ్లిళ్లలో మాత్రం డీజే వచ్చాక మేళానికి మిగిలింది ముహూర్తపు ముక్కే, అందులోనూ సగం సినిమా పాటలు అడుగుతారు. పెద్ద సభలూ తక్కువ తినలేదు. మార్గశిరంలో చెన్నైలో జరిగే సంగీతోత్సవాల్లో నాదస్వరానికి ఎక్కువగా దక్కేది ప్రారంభ మంగళవాద్యమే. ముఖ్య అతిథి కారు దిగేలోపు ముగించాలి.