కత్తి కింద నాలుగు కణజాలాలు

నరసన్నపేటలో గడ్డం గీసే మనిషి పని చూస్తుంటే, చర్మం సంగతి పాఠ్యపుస్తకం కంటే ఆ వేళ్లకే ఎక్కువ తెలుసనిపిస్తుంది. కత్తి పెట్టేముందు బొటనవేలితో బుగ్గను పైకి లాగి బిగిస్తాడు. వదులుగా ఉంటే చర్మం కత్తి ముందు ముడతపడి తెగుతుంది.

బాహ్యచర్మంలో రక్తనాళాలు లేవు. దాని పై వరుసలు కెరటిన్ నిండిన చచ్చిన కణాలే. దాదాపు నెలలో రాలిపోయి, వాటి చోట కొత్తవి వస్తాయి. మంచి చెయ్యి అక్కడే ఆగుతుంది. నెత్తురు కనిపించిందంటే కత్తి అంతశ్చర్మం దాకా దిగినట్టే. అక్కడ కొల్లాజెన్ పోగుల సంయోజక కణజాలం, నాడీ కొసలు, రోమాలను నిక్కబొడిపించే చిట్టి కండరాలు. పై పొరలోని ఉపకళా కణజాలంతో కలిపితే శరీరంలోని నాలుగు రకాలూ చర్మంలోనే ఉన్నాయి.

"బాబూ, కదలకు" అంటూ గొంతు దగ్గరికి వస్తాడు. అక్కడ వెంట్రుకలు ఒకే దిక్కుకు పెరగవు. అందుకే ముందు వేలితో తడిమి, వాలు చూసుకుంటాడు. నా లెక్కలో ఈ తడమడమే అసలు పనితనం; మిగతాది ఎవరైనా నేర్చుకోవచ్చు. చివర్లో తడి పటిక. అది ప్రోటీన్లను గడ్డకట్టించి చిన్న గాట్ల నెత్తురు ఆపుతుంది, చురుక్కుమనిపిస్తుంది కూడా. వేసవి ఉక్కలో చెమట తగిలితే ఆ మంట వేరే!

ఇంకొకరికి వాడిన బ్లేడైతే, హెపటైటిస్-బి అంటడానికి కంటికి ఆనని గాటు చాలు. కుర్చీలో కూర్చోగానే కొత్త బ్లేడు వేయమని అడగండి. అందుకు కాస్త ఎక్కువ అడిగితే బేరమాడకుండా ఇవ్వండి.