నిద్రపోనివ్వకూడని యాప్‌లు

గాజువాకలో ఏ సెల్‌ఫోన్ షాపు దగ్గరైనా కాసేపు నిలబడండి. "ఛార్జింగ్ నిలబడట్లేదండీ, వెనకాల ఏవో నడిచేస్తున్నాయట, అన్నీ తీసిపారేయండి" అనే మాట తప్పకుండా వినబడుతుంది. కౌంటర్ వెనక కుర్రాడు ఫోన్ అందుకుని, తెరిచి ఉన్న యాప్‌లన్నిటినీ చకచకా పైకి తోసేస్తాడు. అడక్కుండానే ఒక క్లీనర్ యాప్ కూడా ఎక్కించి ఇస్తాడు. వచ్చినవాళ్ళు ఫోన్ తేలికపడిందని నమ్మి ఇంటికెళ్తారు. ఈ అలవాటు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తోందని చాన్నాళ్ళుగా చూస్తున్నాను.

విశాఖలో ఈ సంగతి మరీ పట్టించుకోవాలి. మనది షిఫ్టుల ఊరు. స్టీల్‌ప్లాంట్‌లో ఏ, బి, సి షిఫ్టులు వారం వారం మారుతుంటాయి. 1933 అక్టోబరులో జలదుర్గ నౌక లోపలి రేవులోకి వచ్చిన నాటి నుంచీ పోర్టు పనికి పగలూ రాత్రీ తేడా లేదు. ఓడ బెర్తుకి ఎప్పుడొస్తే పని అప్పుడే. ఇదివరకు పిలుపు రావాలంటే ఎవరో ఒకరు ఇంటికొచ్చి తలుపు తట్టేవారు. ఇప్పుడు ఆ పిలుపు వాట్సాప్ గ్రూపులో వస్తోంది. గ్రూపులో పెడితే చెప్పినట్టే లెక్క. ఆ మెసేజీ మోగిందా లేదా అన్నది మాత్రం ఫోన్‌లో ఎవరూ తెరిచి చూడని ఒక సెట్టింగ్ మీద ఆధారపడి ఉంటుంది.

మా కూర్మన్నపాలెం వైపు కాంట్రాక్టు పనిచేసే ఒకాయన మొన్నామధ్య ఫోన్ పట్టుకుని వచ్చాడు. "ఏటి మాస్టారూ ఇది? రాత్రి గ్రూపులో పెట్టారట, బి షిఫ్ట్ కాదు, పొద్దున్న ఏ షిఫ్ట్‌కే రమ్మని. నా ఫోన్ మోగనేలేదు. లేచి వాట్సాప్ తెరిస్తే అన్నీ ఒక్కసారే దిగిపోనాయి." ఆ రోజు కూలి పోయింది. సూపర్‌వైజరు చేత మాట పడ్డాడు. ఫోన్ తీసుకుని వాట్సాప్ బొమ్మ మీద వేలు నొక్కిపట్టి, యాప్ ఇన్ఫోలోకి వెళ్ళి బ్యాటరీ అన్న చోట చూశాను. రిస్ట్రిక్టెడ్ అని ఉంది. అంటే తెర మీద లేనప్పుడు ఆ యాప్ పని దాదాపు బంద్. ఆటోస్టార్ట్ కూడా ఆఫ్‌లో ఉంది. అదే ఫోన్‌లో వాళ్ళబ్బాయి ఆడుకునే లూడో ఆటకి మాత్రం ఆటోస్టార్ట్ ఆన్‌లో ఉంది. ఎవరు మార్చారో ఆయనకి తెలీదు. బ్యాటరీ ఆదా చేస్తామని తెర మీద వచ్చిన ప్రతి ప్రశ్నకీ సరే అని నొక్కుతూ పోయాడు, అంతే.

అసలు ఆండ్రాయిడ్‌లో యాప్‌లని మనం మూయాల్సిన పనే లేదు. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ర్యామ్ 192 ఎంబీ మాత్రమే. అంత ఇరుకులో నడవాలి కాబట్టి, ఏ యాప్‌ని ఉంచాలో ఏది తీసేయాలో సిస్టమే చూసుకునేట్టు మొదట్నుంచీ కట్టారు. మీరు వాడి పక్కన పెట్టిన యాప్ ర్యామ్‌లో చోటు ఉన్నంతసేపూ అక్కడే ఉంటుంది. కానీ ఉండటం వేరు, పనిచేయటం వేరు. కొత్త ఆండ్రాయిడ్‌లు అలాంటి యాప్‌ని గడ్డకట్టించి ఉంచుతాయి, ప్రాసెసర్‌ని ముట్టుకోనివ్వవు. చోటు చాలకపోతే తక్కువ అవసరమైనదాన్ని సిస్టమే తీసేస్తుంది. ఖాళీ ర్యామ్ వల్ల బ్యాటరీ మిగలదు. పైగా మీరు తోసేసిన యాప్‌ని మళ్ళీ తెరిస్తే స్టోరేజీలోంచి మొత్తం మొదట్నుంచి ఎక్కించుకోవాలి, అప్పుడే ఖర్చు ఎక్కువ. స్టీల్‌ప్లాంట్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు: కోక్ ఓవెన్లని ఒకసారి వేడెక్కించాక వాటి ఆయుష్షు తీరేదాకా చల్లారనివ్వరు, ఆర్పి వెలిగించటం కన్నా వెచ్చగా ఉంచటమే చవక. గంటకోసారి తెరిచే యాప్‌ని గంటకోసారి తోసేయటం దండగమారి పని.

తోసేయటం ఒకటి, ఫోర్స్ స్టాప్ మరొకటి. ఈ తేడా తెలుసుకోవాలి. మామూలు ఆండ్రాయిడ్‌లో యాప్‌ని పైకి తోసేసినా దానికి రావాల్సిన మెసేజీలు వస్తూనే ఉంటాయి. ఫోర్స్ స్టాప్ నొక్కితే మాత్రం మీరు చేత్తో మళ్ళీ తెరిచేవరకూ ఆ యాప్‌కి ఏ కబురూ అందదు, అది పెట్టుకున్న అలారాలు కూడా రద్దవుతాయి. కొన్ని కంపెనీల ఫోన్లలో పైకి తోసేయటమే ఫోర్స్ స్టాప్‌కి దగ్గరగా పనిచేస్తుంది. కొన్ని క్లీనర్ యాప్‌లు యాక్సెసిబిలిటీ అనుమతి తీసుకుని, మీ తరఫున ఒక్కో యాప్‌కీ ఫోర్స్ స్టాప్ నొక్కుకుంటూ పోతాయి. ఏ షిఫ్ట్‌కి వెళ్ళాల్సిన మనిషి రాత్రి పడుకోబోయే ముందు శుభ్రం చేద్దామని క్లీనర్ నడిపితే, వేరేగా దింపుకున్న అలారం యాప్ కూడా అందులో పోవచ్చు.

ఫోన్ ఆన్ కాగానే మొదలయ్యే యాప్‌ల సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. ఫోన్ రీస్టార్ట్ అయితే అంతకుముందు పెట్టిన అలారాలు సిస్టమ్ మెమరీలోంచి చెరిగిపోతాయి. ఫోన్ లేచింది అన్న కబురు అందుకుని, క్లాక్ యాప్ తన దగ్గర రాసి ఉంచుకున్న వేళల్ని మళ్ళీ నమోదు చేస్తుంది. అలారం యాప్‌కి ఆటోస్టార్ట్ ఆపేస్తే ఆ కబురు దానికి అందదు. రాత్రి అప్‌డేట్ కోసం ఫోన్ తనంతట తనే రీస్టార్ట్ అయిందనుకోండి, పొద్దున్న ఐదుకి మోగాల్సింది మోగదు. ఇంకో సంగతి ఉంది. రీస్టార్ట్ అయ్యాక మీరు ఒకసారి పిన్ కొట్టి తాళం తీసేదాకా చాలా యాప్‌లు అసలు మొదలే కావు, వాటి డేటా తాళంలోనే ఉంటుంది. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన ఏర్పాటు ఇది. మామూలు ఫోన్ కాల్, ఎస్సెమ్మెస్, ఫోన్‌తో వచ్చిన అలారం వంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. వాట్సాప్ లాంటివాటికి అది ఉందని నమ్ముకోకూడదు. దొంగ చేతిలో పడితే మన వివరాలు బయటపడకుండా కాపాడేది ఈ తాళమే కాబట్టి నేను దీన్ని తప్పుపట్టను. తెలిసి ఉంటే చాలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద తీరం దాటిన తర్వాతి రోజులు మర్చిపోలేం. కరెంటు లేదు, టవర్లు పడిపోయాయి. సిగ్నల్ దొరక్క వెతుకుతూ వెతుకుతూ ఫోన్లు చచ్చిపోయాయి. అప్పటి ఆండ్రాయిడ్‌లో యాప్‌లకి అదుపు పెద్దగా లేదు. ఏ యాప్‌కి తోచినప్పుడు అది ఫోన్‌ని లేపుకునేది. సరిగ్గా ఏడాదికి, 2015 అక్టోబరులో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అనే పద్ధతి వచ్చింది. ఫోన్ కదలకుండా, తెర ఆరిపోయి బల్ల మీద పడి ఉంటే యాప్‌ల పనులన్నీ ఆపి, మధ్యమధ్య కాసేపు మాత్రం వాటికి అవకాశం ఇస్తుంది. అత్యవసరం అని ముద్ర వేసుకుని వచ్చే మెసేజీలని మధ్యలోనైనా లోపలికి రానిస్తుంది. 2018లో ఆండ్రాయిడ్ 9 ఇంకో అడుగు వేసి యాప్‌లని వాడకాన్ని బట్టి వరసలు చేసింది. రోజూ వాడేవి ముందు వరసలో, ఎప్పుడో తెరిచేవి చివర్లో. చివరి వరసకి పని చేసుకునే అవకాశం చాలా తక్కువ. 2020 నాటి ఆండ్రాయిడ్ 11, కొన్ని నెలలు తెరవని యాప్‌కి మనం ఇచ్చిన అనుమతులని వెనక్కి తీసేసుకుంది. మరుసటి ఏడు ఆండ్రాయిడ్ 12 అలాంటివాటిని పూర్తిగా నిద్రపుచ్చి, నోటిఫికేషన్ కూడా రానివ్వకుండా చేసింది. ఇవన్నీ మంచి ఏర్పాట్లే. బ్యాటరీలు రోజంతా నిలుస్తున్నాయంటే వీటి పుణ్యం కూడా ఉంది.

నన్ను కలవరపెట్టేది మాత్రం వీటి వెనకున్న లెక్క. ఎంత తరచుగా తెరిస్తే అంత అవసరం అని ఫోన్ అనుకుంటుంది. జీవితం ఆ లెక్కన నడవదు. 2020లో రాష్ట్ర పోలీసులు ఆడవాళ్ళ రక్షణ కోసం దిశ యాప్ తెచ్చారు. తెరిచే వ్యవధి లేకపోతే ఫోన్‌ని గట్టిగా ఊపినా పోలీసులకి కబురు వెళ్తుందన్నారు. కాలేజీల్లో, సచివాలయాల్లో దగ్గరుండి ఎక్కించారు. 2025 మార్చిలో అదే పనికి శక్తి యాప్ వచ్చింది. ఇలాంటి యాప్‌ని ఎక్కించుకున్న ఆడపిల్ల అదృష్టవశాత్తూ ఏడాదిపాటు దాన్ని తెరవదు. తెరవాల్సిన అవసరం రాకూడదనే మనం కోరుకుంటాం. కానీ ఆ ఏడాదిలో ఫోన్ దాన్ని చివరి వరసకి తోసి, లొకేషన్ అనుమతి తీసేసి, నిద్రపుచ్చే అవకాశం ఉంది. ఊపితే పసిగట్టాలంటే అది వెనకాల మెలకువగా ఉండాలి. ఎక్కడున్నదీ చెప్పాలంటే లొకేషన్ అనుమతి ఉండాలి. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన దామిని యాప్‌దీ ఇదే కథ. చుట్టుపక్కల పిడుగు పడే ప్రమాదం ఉంటే హెచ్చరిస్తుంది. పొలాల్లో పనిచేసే మన ఉత్తరాంధ్ర వాళ్ళకి అది ప్రాణాలు కాపాడే యాప్, అయినా వేసవి వానలు రాని నెలల్లో ఎవరు తెరుస్తారు?

అందుకే అలాంటి ప్రతి యాప్‌కీ యాప్ ఇన్ఫోలోకి వెళ్ళి, వాడకపోతే ఆపేయమనే స్విచ్‌ని ఆఫ్ చేయాలి. బ్యాటరీ అన్‌రిస్ట్రిక్టెడ్‌లో పెట్టాలి. లొకేషన్ అనుమతి ఇంకా ఉందో లేదో చూడాలి. ఆండ్రాయిడ్ వరకు ఇంతే. దాని మీద ఫోన్ కంపెనీలు తమ సొంత తాళాలు కూడా వేస్తాయి. షావోమీ ఫోన్లలో ఆటోస్టార్ట్ అని వేరే జాబితా ఉంటుంది. సామ్‌సంగ్‌లో స్లీపింగ్ యాప్స్, డీప్ స్లీపింగ్ యాప్స్ అని రెండు జాబితాలు, ఎప్పటికీ నిద్రపుచ్చకూడనివాటికి మూడోది. మిగతా కంపెనీలకి ఎవరి పేర్లు వాళ్ళవి, ఎవరి మెనూలు వాళ్ళవి. ఒక ఫోన్‌లో నేర్చుకున్నది ఇంకో ఫోన్‌లో పనికిరాదు. కొనేటప్పుడే నింపి ఇచ్చిన యాప్‌లకి మాత్రం తలుపులు బార్లా తీసి ఉంటాయి. ఫోన్‌లో ముందే యాప్‌లు పెట్టించటంతో సహా ఆండ్రాయిడ్ వ్యవహారాల మీద కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కి రూ.1,337 కోట్లకు పైగా జరిమానా వేసింది. అదే గూగుల్ 2025 అక్టోబరులో మన విశాఖలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించింది. రానివ్వండి, సంతోషమే. ఏ కంపెనీ ఫోన్ అయినా ఈ సెట్టింగ్‌లు ఒకే చోట, ఒకే పేరుతో ఉండేట్టు చూడమని గూగుల్‌ని అడిగే హక్కు కూడా మనకుంది.

ఇక ఆపాల్సినవి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ తెరిస్తే ఏ యాప్ తెర మీద ఎంత వాడిందో, వెనకాల ఎంత వాడిందో విడివిడిగా కనిపిస్తుంది. వెనకాల ఎక్కువ వాడేది మీకు పనికొచ్చేదేనా అని ఒక్కోదాన్నీ చూడండి. డెలివరీ పనిచేసే కుర్రాడికి మ్యాప్, ఆర్డర్ల యాప్ ఎంత తిన్నా తిననివ్వాలి, అది వాడి అన్నం. షాపింగ్, ఆటలు, వార్తల యాప్‌లు, ఊరికే వచ్చిన టార్చిలైటు యాప్‌లు రిస్ట్రిక్టెడ్‌లో పెట్టేయొచ్చు. తీసేయటానికి వీల్లేని కంపెనీ యాప్ అయితే డిజేబుల్ నొక్కండి. అప్పు తీరిపోయిన లోన్ యాప్‌ని నిద్రపుచ్చొద్దు, అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. కాంటాక్టులు, కాల్ లాగ్ చూడకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులోనే వాటికి చెప్పింది, చూడనిమ్మని అడిగిన యాప్‌తో మనకి పనేంటి? పూర్ణామార్కెట్ దుకాణదారులకి ఒక మాట: డబ్బు పడినప్పుడు అరిచే సౌండ్‌బాక్సులో సాధారణంగా సొంత సిమ్ ఉంటుంది, దానికోసం మీ ఫోన్‌లో యాప్ తెరిచి పెట్టుకోనక్కర్లేదు.

ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకి వెళ్ళేవాళ్ళకి ఈ యాప్‌ల గొడవ కన్నా సిగ్నల్ గొడవే ఎక్కువ. తీరం దాటి కొంత దూరం పోగానే ఫోన్ టవర్ కోసం వెతుకుతూ ఛార్జింగ్ అంతా తగలేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది. ముందుగా దింపుకున్న మ్యాపు మీద మీ బోటు ఎక్కడుందో కనిపిస్తుంది.

అక్టోబరు, నవంబరు మన తుపానుల నెలలు. ఆలోపు ఒక ఆదివారం పూట ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లు తీసుకుని కూర్చోండి. క్లీనర్ యాప్‌లు తీసేయండి. ఆపద యాప్‌ల అనుమతులు చూడండి. ఎమర్జెన్సీ అలర్ట్స్ అన్న సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. 2023లో దేశమంతటా విడతలవారీగా పరీక్షించిన ఆ హెచ్చరిక టవర్ నుంచి నేరుగా వస్తుంది, దానికి ఏ యాప్‌తోనూ పనిలేదు. షిఫ్టులు వేసే సూపర్‌వైజర్లకీ, కాంట్రాక్టర్లకీ నాదొక విన్నపం. రాత్రిపూట డ్యూటీ మార్చాల్సి వస్తే గ్రూపులో పెట్టి ఊరుకోకండి. ఆ మనిషికి మామూలు ఫోన్ కాల్ చేసి చెప్పండి.