చెకుముకి అంచు

టిప్పు సుల్తాన్ పుట్టిన దేవనహళ్ళి చిక్కబళ్ళాపురానికి దగ్గరే. 1791 అక్టోబరులో కార్న్‌వాలిస్ నడిపిన ఆంగ్లేయ సేన పట్టుకున్న నందిదుర్గం మరీ దగ్గర. బాగేపల్లి, చింతామణి వాళ్ళెవరైనా ఆ కొండెక్కితే బురుజులు చూసి మురిసిపోతారు. ఆ కాలపు పనితనంలో నన్ను కట్టిపడేసేది మాత్రం చేతిలో ఇమిడే వస్తువు: టిప్పు కోసం శ్రీరంగపట్నంలో చేసిన చెకుముకి పిస్తోలు.

ఇలాంటి పిస్తోళ్ళను జంటలుగా చేసేవారు. ఒకదానికి నిప్పు రాజేసే యంత్రం కుడి పక్కన, రెండోదానికి ఎడమ పక్కన. పక్కపక్కన పెడితే ఒకటి రెండోదానికి అద్దంలో నీడ. ఒంటినిండా పులిచారలు, వెండి తొడుగులు. అంత వైభవం మధ్య ఏ నగిషీ లేనిది నిప్పు రాజేసే రాయిముక్క ఒక్కటే. నా చూపు అక్కడే ఆగిపోతుంది. ఎందుకంటే అది అరిగిపోవడానికే అక్కడికి వచ్చింది. కొన్ని పదుల దెబ్బలకే అంచు మొద్దుబారుతుంది. అప్పుడు కొత్తది బిగించాలి. దానికి కొలిమి అక్కర్లేదు, ఇంటి అరుగు చాలు.

నందికొండ గ్రానైటు ఈ పనికి రాదు, పలుచని పదునంచుగా చిట్లదు. చెకుముకి రాయో అగేటో కావాలి. దాన్ని తోలుముక్కలో చుట్టి ‘గుర్రం’ అనే కొక్కెం దవడల మధ్య పెట్టి మర బిగిస్తారు. తోలు లేకపోతే రాయి జారుతుంది, లేదా పగులుతుంది. రాతి అంచు ఎదుటి ఉక్కు పలకకు ఈ చివర నుంచి ఆ చివర దాకా సమంగా ఆనాలి. ఒక మూల ముందు తగిలితే సగం నిప్పే రాలుతుంది. ఆ సమం కుదిరిన క్షణం చూడాలి! మీట నొక్కగానే గుర్రం దూకుతుంది, రాయి ఉక్కును గీరుతుంది, పలక వెనక్కి తెరుచుకుంటుంది, రవ్వలు రంజకపు మందులో పడతాయి. మండేది రాయి కాదు, రాయి చెక్కిన ఉక్కు పొట్టు. మెత్తని దాన్ని గట్టిది గీరితే వెలుగు పుట్టడం, ఎంత చూసినా నాకు తనివి తీరదు.

రాయి ఎవరైనా మార్చగలరు. లోపలి కమానో మరమేకో విరిగితే అలా కాదు. 1785లో ఫ్రాన్స్‌లో తుపాకుల పనివాడు ఒనొరే బ్లాం విడిభాగాలు ముందు పెడితే, అమెరికా రాయబారి జెఫర్సన్ చేతికందినవి తీసుకుని తుపాకీ యంత్రాలు తానే కూర్చి చూశాడు, అన్నీ సరిపోయాయి. చేత్తో చేసిన పిస్తోలుకు ఆ సౌకర్యం లేదు. ప్రతి భాగాన్నీ దాని చోటికి ఆకురాయితో అరగదీసి కుదిర్చారు. జంటలో కుడిదాని కమాను ఎడమదానికి పనికిరాదు. కొత్త ముక్క పెట్టేవాడు పాత పనివాడి చేతిలో శిష్యుడు కావాల్సిందే: కాస్త అరగదీయాలి, మసి పూసి పెట్టి చూడాలి, మసి అంటిన చోటే మళ్ళీ అరగదీయాలి.

గీతలు పడి అరిగిన ఉక్కు పలకకు ముఖాన కొత్త ఉక్కురేకు అతికించే పద్ధతీ ఉంది. దాన్ని పాతదానిలా నటింపజేస్తే నాకు నచ్చదు. అతుకు నిజాయితీగా కనబడనివ్వాలి, రవ్వ మాత్రం మునుపటిలా రాలాలి.