నోటీసు నుంచి వీలునామా దాకా

టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. బడుల ఖర్చులో పెద్ద భాగం ఇంటి పన్ను మీదే నడుస్తుంది. ఏప్రిల్ వచ్చిందంటే డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ఇర్వింగ్ తెలుగు ఇళ్లకు ఇంటి విలువ ఇంతని చెప్పే అప్రైజల్ నోటీసులు దిగుతాయి. అభ్యంతరానికి సాధారణంగా మే 15 గడువు.

మంచి లాయరమ్మ పనితనం అప్పుడు చూడాలి. పన్ను భారమైందని అభ్యంతరాలు వినే బోర్డు ముందు మొరపెట్టుకోదు. జనవరి 1 నాటి విలువ ఎంతో తేలుస్తుంది: పక్క వీధిలో అమ్ముడైన ఇళ్ల ధరలు, గోడ పగులు ఫొటో, పునాది మరమ్మతుకు కాంట్రాక్టరు వేసిన అంచనా. డాలస్ చుట్టూ ఉన్నది మన నల్లరేగడి లాంటి మట్టే, పునాదుల్ని కదిలిస్తుంది మరి!

వీలునామా దగ్గర ఆవిడ మరీ నిశితం. "మీ ఇద్దరికీ ఏదైనా అయితే పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి? అమ్మమ్మ గుంటూరు నుంచి వచ్చేదాకా ఎవరు చూస్తారు?" ఇవేం అశుభం మాటలని మనం ముఖం చిట్లిస్తాం. ఆవిడ ఆగదు. బతికున్న భర్తో భార్యో అమెరికా పౌరులు కాకపోతే, ఎస్టేట్ పన్నులో దంపతులకుండే అపరిమిత మినహాయింపు మామూలుగా దక్కదని, అందుకు ప్రత్యేక ట్రస్టు ఉందని విడమరుస్తుంది. టైపు చేసిన వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు దగ్గరుండి పెట్టిస్తుంది.

పన్ను అభ్యంతరం ఓపికుంటే మనమే వేసుకోవచ్చు. వీలునామాకు మాత్రం ఆవిడ ఫీజు దండగ కాదు.