పేరులోనే దారి

నెల్లూరు తీరం వెంట పట్టపుపాళెం అనే పేరు ఒక్క ఊరిది కాదు. అల్లూరు మండలంలో ఇసకపల్లి పక్కన ఒకటుంది, కావలి మండలంలో తుమ్మలపెంట పక్కన ఇంకొకటి. అందుకే బయటివాళ్లు పెద్ద ఊరి పేరు ముందు చేర్చి ఇసకపల్లి పట్టపుపాళెం, తుమ్మలపెంట పట్టపుపాళెం అంటారు. ఇసకపల్లిలోనే ఉండేవాళ్లకు ఆ అవసరం లేదు. పాళెం అంటే చాలు, ఏ పాళెమో అందరికీ తెలుసు. వెబ్ ప్రోగ్రాములు రాసేవాళ్లు నేమ్‌స్పేస్ అనేది సరిగ్గా ఇలాంటి ఏర్పాటునే. తెలుగు వికీపీడియాలో వాడే పేరుబరి అన్న మాట నాకు నచ్చింది, ఇక్కడ అదే వాడతాను.

పీహెచ్‌పీ భాషకు పేరుబరులు 2009లో, 5.3 వెర్షన్‌తో గానీ రాలేదు. అంతకుముందు పడిన పాట్లు తెలిస్తేనే వాటి విలువ అర్థమవుతుంది. జువ్వలదిన్నె రేవులో పడవల రాకపోకలు చూసే అప్లికేషన్ ఒకటి రాస్తున్నామనుకుందాం. ఏ పడవ ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు తిరిగొచ్చింది అని నమోదు చేసే క్లాసుకు ‘లాగ్’ అని పేరు పెట్టాం. బయటినుంచి తెచ్చుకున్న లైబ్రరీలో తప్పులు నమోదు చేసే క్లాసు పేరూ ‘లాగ్’ అయింది. రెండూ ఒకేసారి లోడయితే పీహెచ్‌పీ అక్కడికక్కడే ఆగిపోతుంది. దీన్ని తప్పించుకోవడానికి పియర్ అనే పాత పీహెచ్‌పీ లైబ్రరీల కాలం నుంచి అడ్డగీతలు పెట్టి బారెడు పేర్లు రాసేవారు. జెండ్ ఫ్రేమ్‌వర్క్ మొదటి తరంలో ‘జెండ్_కంట్రోలర్_యాక్షన్’ లాంటివి ఆ కోవవే. అయితే ఆ బారెడు పేరులో ఒక తెలివి ఉంది. అడ్డగీత ఉన్నచోట ఫోల్డరు గీత (/) పెడితే ఫైలు ఎక్కడుందో తెలిసిపోతుంది. తర్వాత వచ్చిన పద్ధతులన్నిటికీ బీజం అదే.

రెండో బాధ ఫైళ్లను పిలవడం. ఏ ప్రాజెక్టు తెరిచినా పైన ‘రిక్వైర్’ వరసలు బారులు తీరి ఉండేవి. ఒకటి మరిచిపోతే ప్రోగ్రాము నడవదు, అన్నీ పెట్టేస్తే అక్కర్లేనివీ లోడవుతాయి. మామూలు పద్ధతిలో పీహెచ్‌పీ ప్రతి రిక్వెస్టుకూ మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది కాబట్టి ఈ దుబారా రోజూ, ప్రతి క్లిక్కుకూ కట్టే సుంకం. 2004లో పీహెచ్‌పీ 5 ‘__ఆటోలోడ్’ అనే ఫంక్షను ఇచ్చింది. తెలియని క్లాసు పేరు ఎదురైతే పీహెచ్‌పీ చేతులెత్తేసే ముందు ఆ ఫంక్షన్ని అడుగుతుంది. చిక్కేమిటంటే ప్రోగ్రాము మొత్తానికి అలాంటిది ఒక్కటే ఉండాలి. మనదొకటి, లైబ్రరీదొకటి అంటే కుదరదు. ఆ తర్వాత వచ్చిన ‘ఎస్‌పీఎల్_ఆటోలోడ్_రిజిస్టర్’ ఈ లోటు తీర్చింది. ఎన్ని లోడర్లనైనా వరసలో నిలబెట్టవచ్చు, క్లాసు దొరికేదాకా ఒక్కొక్కదాన్నీ అడుగుతూ పోతుంది. పాత ఫంక్షన్ని పీహెచ్‌పీ 8లో పూర్తిగా తీసేశారు. పోయిందని బాధపడినవాళ్లు నాకు కనపడలేదు.

పనిముట్లు సమకూరాయి గానీ ఒక్కో ఫ్రేమ్‌వర్కుదీ ఒక్కో దారి. 2009లో షికాగోలో జరిగిన ఒక పీహెచ్‌పీ సదస్సులో కొన్ని ఫ్రేమ్‌వర్కుల వాళ్లు కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. పీఎస్‌ఆర్-0 అనే ఉమ్మడి నియమం అందులోంచి పుట్టింది. 2013 డిసెంబరులో ఆమోదం పొందిన పీఎస్‌ఆర్-4 దాన్ని పక్కకు నెట్టింది. మార్కెట్లో పోటీపడేవాళ్లు ఫైళ్ల పేర్ల దగ్గర రాజీపడటం చిన్న విషయం కాదు. నా లెక్కలో పీహెచ్‌పీ లోకం సాధించిన గొప్ప పని ఇదే.

పీఎస్‌ఆర్-4 చెప్పేది ఇంతే. పేరుబరిలో మొదటి భాగాన్ని ఒక ఫోల్డరుకు ముడివేయాలి, మిగతా పేరంతా ఆ ఫోల్డరు లోపలి దారి. ‘తీరం’ అనే మొదటి భాగాన్ని ‘మూలం’ ఫోల్డరుకు ముడివేస్తే ‘తీరం\రేవు\లాగ్’ అనే క్లాసు ‘మూలం/రేవు/లాగ్.పీహెచ్‌పీ’ ఫైల్లో ఉండి తీరాలి. తెలుగు పేర్లు ఉదాహరణ కోసమే పెట్టినవి కావు, పీహెచ్‌పీ క్లాసు పేర్లలో తెలుగు అక్షరాలు నిజంగానే చెల్లుతాయి. పేర్ల మధ్య ఆ వెనకగీత (\) 2008 అక్టోబరులో ఖాయమైనప్పుడు చాలామంది మొహం చిట్లించారు. ఇవాళ ఎవరికీ పట్టింపు లేదు.

కొత్తవాళ్లు తరచూ తడబడేది రెండు చోట్ల. ఫైలు పైన ‘యూజ్’ అని రాయగానే ఆ క్లాసు లోడయిందనుకుంటారు. కాలేదు. ‘యూజ్’ చేసేది పొడుగు పేరుకు పొట్టి పేరు ఇవ్వడం వరకే. ఆ క్లాసు పని నిజంగా పడినప్పుడే లోడర్ కదులుతుంది. రెండోది, పేరుబరి లోపల ‘డేట్‌టైమ్’ అని ఊరికే రాస్తే పీహెచ్‌పీ తన సొంత డేట్‌టైమ్‌ను ఇవ్వదు, ‘తీరం\రేవు\డేట్‌టైమ్’ కోసం వెతుకుతుంది. పేరుకు ముందు వెనకగీత పెట్టాలి, లేదా ‘యూజ్’ రాయాలి. ఫంక్షన్ల విషయంలో మాత్రం ఇక్కడ దొరక్కపోతే బయట చూసే వెసులుబాటు ఉంది. క్లాసులకు లేదు.

మన కాలేజీల్లో చాలామంది చేతులు కాలేది కోడ్‌ఇగ్నైటర్ అనే ఫ్రేమ్‌వర్క్‌తో. దాని మూడో వెర్షన్‌లోనూ ‘ఆటోలోడ్’ అనే ఫైలు ఉంది. అందులో రాసిన లైబ్రరీలు, మోడళ్లు అన్నీ అవసరం ఉన్నా లేకపోయినా ప్రతి రిక్వెస్టుకూ లోడవుతాయి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన నాలుగో వెర్షన్‌లోనూ అదే పేరుతో ఫైలుంది, దాని అసలు పని వేరు. పీఎస్‌ఆర్-4 పట్టికలో ‘యాప్’ అనే పేరుబరి ఏ ఫోల్డరుదో చెబుతుంది, పేరుబరి లేని పాత క్లాసులకు విడిగా క్లాస్‌మ్యాప్ ఉంటుంది. పాత అలవాటుతో ప్రతి క్లాసునూ ఈ పట్టికకు ఎక్కించేవాళ్లున్నారు. అక్కర్లేదు. మొదటి భాగం ఒక్కటి సరిగా ఉంటే చాలు. లారావెల్ ఫ్రేమ్‌వర్క్‌లో ఇదే ముడి కంపోజర్ అనే పనిముట్టు ఫైల్లో ఉంటుంది. అక్కడ ముడి మారిస్తే ‘డంప్-ఆటోలోడ్’ కొట్టాలి. అసలు సర్వరుకు పంపేటప్పుడు దానికే ‘-ఓ’ తగిలిస్తే క్లాసులన్నిటికీ ముందే జాబితా తయారై, డిస్కులో వెతుకులాట తగ్గుతుంది.

ఇక అందరినీ ఏడిపించేది పెద్దబడి, చిన్నబడి, అంటే ఇంగ్లీషు పెద్దక్షరాల, చిన్నక్షరాల తేడా. విండోస్‌లో ‘లాగ్’ ఇంగ్లీషు పెద్దక్షరంతో మొదలైనా చిన్నక్షరంతో మొదలైనా ఒకటే ఫైలు. లినక్స్‌లో రెండు వేర్వేరు ఫైళ్లు. పీహెచ్‌పీకి మాత్రం క్లాసు పేర్లలో ఈ తేడా పట్టదు. అందువల్ల ల్యాప్‌టాప్‌లో ఎగిరే ప్రాజెక్టు సర్వరు ఎక్కగానే ‘క్లాస్ నాట్ ఫౌండ్’ అంటుంది. ఇంకా చికాకు ఏమిటంటే ఆ క్లాసును అంతకుముందే ఇంకెవరో సరైన పేరుతో లోడ్ చేయించి ఉంటే తప్పు పేరుతో పిలిచినా పలుకుతుంది, ఒక పేజీలో పనిచేసి ఇంకో పేజీలో పనిచేయదు. కోడ్‌ఇగ్నైటర్ రెండు నుంచి మూడుకు మారినప్పుడు క్లాసు ఫైళ్ల పేర్లు పెద్దక్షరంతో మొదలవ్వాలన్నారు. విండోస్ మీద మారినవాళ్లకు ఆ సంగతి సర్వరు చెప్పేదాకా తెలియలేదు. తెలుగు అక్షరాల్లో పేర్లు పెడితే ఈ బెడద ఉండదు, మనకు బడుల తేడా లేదు కదా! తెలుగులో క్లాసులు రాసే ధైర్యం మనకెక్కడిది అనేది వేరే మాట.

పేరు మారినప్పుడు ఏం చేయాలన్నదీ ఈ పేర్ల ఏర్పాటులో భాగమే. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి 2002లో సతీశ్ ధవన్ పేరు పెట్టినా షార్ అన్న పాత పేరును వదల్లేదు. ఆ పేరుతో అడిగినా దారి చూపిస్తారు. తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ ఇదే పని చేసింది. ఏ క్లాసు ఏ ఫైల్లో ఉందో చెప్పే పెద్ద జాబితా మీద ఏళ్ల తరబడి నడిచిన ఆ సాఫ్ట్‌వేర్ క్రమంగా పేరుబరుల్లోకి మారింది. 2023లో వచ్చిన 1.40 వెర్షన్‌లో ‘టైటిల్’ క్లాసు ‘మీడియావికీ\టైటిల్\టైటిల్’ అయింది. పాత పేరుతో రాసిన ఎక్స్‌టెన్షన్లు ఆగిపోకుండా ‘క్లాస్_ఎలియాస్’ పెట్టారు. ఒక్క రాత్రిలో పేర్లన్నీ మార్చేసి పాతవి చెరిపేసే హడావుడి పెద్ద సాఫ్ట్‌వేర్‌కు పనికిరాదు.

నెల్లూరు చుట్టుపక్కల కాలేజీల్లో వెబ్ ప్రోగ్రామింగ్ చెప్పే మాస్టార్లకు ఒక విన్నపం. ల్యాబులో కనీసం ఒక్క లినక్స్ యంత్రం పెట్టించండి, పిల్లల ప్రాజెక్టు దానిమీద నడిచాకే మార్కులు వేయండి. ఫైలు పేరులో అక్షరం మార్చాల్సి వస్తే ఫోల్డర్లో కాకుండా ‘గిట్ ఎమ్‌వీ’తో మార్చమని చెప్పండి. విండోస్‌లో గిట్ పెద్దబడి, చిన్నబడి తేడాను మామూలుగా పట్టించుకోదు.